రాయి లంకది, నిప్పు థాయిలాండ్‌ది

2023 జులై 2న కొలంబో నుంచి ఒక ఇల్యూషిన్ సరుకు విమానం ఏనుగునెక్కించుకుని థాయిలాండ్‌లోని చియాంగ్ మైకి బయల్దేరింది. ఏనుగు పేరు ముత్తు రాజా. పుట్టినచోట పెట్టిన పేరు సక్ సురిన్. 2001లో థాయ్ రాజకుటుంబం శ్రీలంకకు కానుకగా పంపిన మూడు ఏనుగుల్లో ఇదొకటి. పండగ ఊరేగింపుల్లో బుద్ధుడి ధాతువుల (శరీర అవశేషాల) పేటిక మొయ్యడానికని ఇచ్చారు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి దాని ఒంటిమీద పుళ్ళు, ముందుకాలు సరిగ్గా వంగని స్థితి. జంతు సంరక్షణ కార్యకర్తలు గొడవచేశారు, థాయిలాండ్ వైద్యం కోసం వెనక్కి తీసుకుపోయింది. ఈ విషయంలో థాయ్ రాజుకు విచారం తెలిపామని అప్పటి శ్రీలంక ప్రధాని దినేశ్ గుణవర్ధన పార్లమెంటులోనే చెప్పుకోవాల్సి వచ్చింది. పెళ్ళికి పెట్టిన కానుకను వియ్యపువారు వచ్చి వెనక్కి పట్టుకుపోయినట్టయింది వ్యవహారం.

మరి సంబంధం చెడిందా? లేదు. ఏడు నెలలు తిరిగేసరికి, 2024 ఫిబ్రవరి 3న అప్పటి థాయ్ ప్రధాని స్రెత్తా తవిసిన్ కొలంబోలో దిగి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టారు. మర్నాడు శ్రీలంక స్వాతంత్ర్య దినోత్సవంలో ముఖ్య అతిథి కూడా ఆయనే. ఆ పర్యటనలోనే రెండు దేశాల రత్నాభరణ సంస్థల మధ్య ఒక అవగాహన ఒప్పందం కుదిరింది. వార్తల్లో దానికి చివరి వాక్యం దక్కింది. నా లెక్కలో ముందు చెప్పుకోవాల్సింది దాని గురించే.

ఎందుకంటే ఈ రెండు దేశాల స్నేహం గురించి వేదికల మీద ఎప్పుడు మాట్లాడినా బౌద్ధం దగ్గర మొదలుపెట్టి బౌద్ధం దగ్గరే ఆపేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ యాభై ఏళ్ళుగా లంక జనం థాయిలాండ్‌కు, థాయ్ జనం లంకకు పని పెట్టుకుని తిరుగుతున్నది ఎక్కువగా నీలాల కోసం. ఆ కథలో అన్నదమ్ముల ప్రేమ కంటే అవసరం పాలు ఎక్కువ.

ముందు బౌద్ధం సంగతి. అందులో మనవాళ్ళ వాటా కూడా ఉంది. 18వ శతాబ్దం నాటికి శ్రీలంకలో భిక్షువుల పరంపర తెగిపోయింది. బౌద్ధ సన్యాసంలో పూర్తి దీక్షను ఉపసంపద అంటారు. అప్పటికే ఆ దీక్ష తీసుకున్న భిక్షువులు కొందరు కూర్చుంటేనే కొత్తవాడికి ఇవ్వగలరు. ఆ కొందరు కూడా మిగల్లేదు. అప్పుడు లంక కొండల్లోని కాండీ రాజ్యం గద్దె మీదున్నది కీర్తి శ్రీ రాజసింహుడు. పేరు సింహళం, వంశం నాయకరాజులది. కాండీ రాజు నరేంద్రసింహుడు 1739లో వారసుడు లేకుండా పోతే రాణి సోదరుడు రాజయ్యాడు. అతను 1747లో పోతే అతని రాణి సోదరుడు రాజయ్యాడు. అతనే కీర్తి శ్రీ. మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్ళు, పుట్టుకతో శైవులు. అలాంటి రాజు, వెలివిట శరణంకరుడనే సన్యాసి పట్టుదల మీద, అప్పటి సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజధాని అయుత్తయకు రాయబారం పంపాడు. ఓడలు డచ్చివాళ్ళవి. వాళ్ళకు బౌద్ధం మీద భక్తి కాదు, కాండీ రాజు మంచిగా ఉంటే దాల్చినచెక్క వ్యాపారం సాఫీగా సాగుతుందన్న లెక్క. 1753లో సయాం భిక్షువు ఉపాలి థేరుడు బృందంతో వచ్చి కాండీలో ఉపసంపద ఇచ్చాడు. శ్రీలంకలో అతి పెద్ద భిక్షు సంఘాన్ని ఇప్పటికీ సియం నికాయ అనే పిలుస్తారు. సియం అంటే సయాం.

థాయ్‌వాళ్ళు దీన్ని బాకీ తీర్చడం అంటారు. అంతకు నాలుగైదు వందల ఏళ్ళ ముందు, వాళ్ళ పాత రాజ్యం సుఖోతాయ్ కాలంలో, లంక పరంపర భిక్షువుల నుంచే వాళ్ళు థేరవాదమనే పాత బౌద్ధ శాఖను గట్టిగా అందుకున్నారు. వాళ్ళ పాత లెక్కల్లో దాని పేరు లంకావంశం.

ఉపన్యాసాల్లో రాని ముక్క ఇంకొకటుంది. 1760లో కాండీ ప్రభువులు కొందరు, భిక్షువులు కొందరు కలిసి, విభూతి పెట్టుకునే ఈ పరాయి రాజును తప్పించాలని కుట్ర పన్నారు. ఆసనం కింద గొయ్యి తవ్వి, అందులో శూలాలు నాటి, పైన కప్పి, రాజును ధర్మం వినడానికి పిలిచారు. రాజుకు ముందే తెలిసిపోయి బతికాడు. అతని బదులు గద్దె ఎక్కించాలని వాళ్ళు అనుకున్నది ఎవరినో తెలుసా? ఒక సయాం రాకుమారుణ్ణి. స్నేహం నిండా ఇలాంటి ముళ్ళున్నాయి. అయినా రాజు సయాం భిక్షువుల పరంపరను తుడిచెయ్యలేదు. కాండీ ఊరేగింపులో దంతధాతువును ఏనుగు మీద ఎక్కించే ఆచారం ఆయన కాలంలో, సయాం భిక్షువుల సూచన మీదే మొదలైందంటారు. ముత్తు రాజా మెడకు తగులుకున్న తాడు రెండో కొస ఇక్కడుంది.

ఇక రాళ్ళ దగ్గరికి వద్దాం.

శ్రీలంకలో సబరగమువ రాష్ట్రానికి ముఖ్యపట్టణం రత్నపుర. పేరే చెబుతోంది. చుట్టుపక్కల పెల్మడుల్ల, నివితిగల, బలంగొడ దాకా వరిపొలాల మధ్య చిన్నచిన్న ఆకుల పందిళ్ళు కనిపిస్తాయి. ప్రతి పందిరి కింద ఒక గొయ్యి. నలుచదరంగా దిగుతుంది. పక్కలు కూలకుండా దుంగలు అడ్డంపెట్టి, దుంగకూ మట్టికీ మధ్య సందుల్లో ఫెర్న్ ఆకులు కుక్కుతారు. ఆకులు నీళ్ళను రానిస్తాయి, మట్టిని రానివ్వవు. ఒక పంపు రాత్రింబవళ్ళు నీళ్ళు తోడుతూనే ఉండాలి. ఇలా దిగితే ఏదో ఒక లోతులో గులకరాళ్ళ పొర తగులుతుంది. దాన్ని ఇల్లం అంటారు. ఎప్పుడో కొండల మీంచి నదులు కొట్టుకొచ్చి పరిచిన కంకర అది. దాన్ని బుట్టలకెత్తి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గుండ్రంగా తిప్పుతారు. తేలిక మట్టి, ఇసుక పైకి వచ్చి పోతాయి. బరువైనవి బుట్ట అడుగున మిగులుతాయి. అప్పుడు బుట్టను ఎండవైపు వంచి అందరూ తలలు దగ్గర పెట్టి చూస్తారు. మన పల్లెల్లో చేటతో బియ్యం చెరిగే ఆడవాళ్ళ చేతుల్లో ఉండే నేర్పే ఇది, తీరు మాత్రం తిరగేసినట్టు.

కూలి ఉండదు. తిండి పెడతారు, రాయి దొరికితే వాటా ఇస్తారు. పొలం ఆసామికి ఒక వాటా, లైసెన్సుదారుకు ఒకటి, పంపు పెట్టినవాడికి ఒకటి, మిగిలింది దిగినవాళ్ళకు. నెలల తరబడి ఏమీ దొరక్కపోవచ్చు. యంత్రాలతో తవ్వడం మీద ఆంక్షలున్నాయి కాబట్టి ఈ పని ఇప్పటికీ చాలావరకు చేతిపనే. లైసెన్సు ఇచ్చేది జాతీయ రత్నాభరణ ప్రాధికార సంస్థ. గొయ్యి పూడుస్తామని ముందుగా డిపాజిట్టు కట్టించుకుంటుంది.

బుట్ట అడుగున మిగిలేవాటిలో పనికొచ్చే నీలాలు కొన్నే. వాటికంటే చాలా ఎక్కువగా దొరికేది పాలవిరుగుడులా తెల్లగా, మసకగా ఉండే రాయి. సింహళంలో దాన్ని గెవుడ అంటారు. నిన్నమొన్నటిదాకా దానికి విలువ లేదు. అక్వేరియంలో వేశారనీ, తోటబాటల్లో పరిచారనీ అక్కడి వ్యాపారులు ఇప్పటికీ నవ్వుకుంటూ, కొంత ఏడుస్తూ చెప్పుకుంటారు.

గెవుడ కూడా నీలమే అని కనిపెట్టింది థాయ్‌వాళ్ళు. 1970లలో.

ఇక్కడ కాస్త రసాయనశాస్త్రం తప్పదు. కెంపూ నీలమూ కనకపుష్యరాగమూ అన్నీ ఒకే ఖనిజం, కురువిందం. ఇంగ్లీషువాళ్ళ కొరండం ఈ ద్రావిడ మాట నుంచి పోయిందే. అసలు కురువిందం అల్యూమినియం ఆక్సైడ్, దానికి రంగు ఉండదు. అందులో కాస్త క్రోమియం చేరితే కెంపు. ఇనుము, టైటానియం రెండూ పక్కపక్కన కుదురుకుంటే నీలం. గెవుడలో ఈ రెండూ ఉన్నాయి, కానీ పొత్తు కుదర్లేదు. టైటానియం వేరుగా, కంటికి కనపడనంత సన్నటి సూదుల్లా విడిపోయి కూర్చుంది. ఆ సూదుల వల్లే రాయి పాలలా కనిపిస్తుంది. రాయిని 1,600 డిగ్రీలు దాటించి కాలిస్తే సూదులు రాయిలోనే కరిగిపోతాయి, టైటానియం ఇనుము పక్కకు చేరుతుంది, రాయి తేటపడి నీలమవుతుంది. బయటినుంచి రంగు కలపలేదు. లోపలున్నదే బయటపడింది. అయితే కొలిమిలో గాలి ఎంత ఉందన్నది కీలకం. ఆక్సిజన్ తక్కువైతే నీలం తేలుతుంది, ఎక్కువైతే నీలం పోయి పసుపు రావచ్చు. ఎంతసేపు, ఎంత వేడి, ఏ గాలి అన్నది ఏ రాయికి ఆ రాయే. కాల్చేవాడి కన్నే కొలత.

అనుభవమున్న వ్యాపారి గెవుడను వేళ్ళ సందులో పట్టుకుని టార్చి వేసి చూస్తాడు. పైకి తెల్లగా ఉన్నా, వెలుతురు దూరినప్పుడు లోపల జిడ్డుగా, నూనె చుక్కలా గోధుమరంగు కదిలితే అతని మొహం మారుతుంది, నోరు మాత్రం మారదు. అలాంటి రాయికి అక్కడ పేరు డీజిల్. డీజిల్ గెవుడ కాలిస్తే మంచి నీలం దిగుతుందని నమ్మకం. అమ్మేవాడికి ఆ సంగతి తెలియని రోజుల్లో థాయ్ బేరగాళ్ళు అలాంటి రాళ్ళను గులకరాళ్ళ ధరకు ఏరుకుపోయారు.

లంకవాళ్ళకు రాళ్ళు కాల్చడం తెలియదా? అదే ఈ కథలో విచిత్రం. ఎప్పటినుంచో తెలుసు. సింహళద్వీపంలో కెంపుల్ని నిప్పులో పెట్టి మెరుగు తేలుస్తారని 13వ శతాబ్దంలోనే ఒక అరబ్బీ పండితుడు రాశాడు. లంక నైరుతి తీరంలోని బేరువల ఊరి ముస్లిం వ్యాపారుల కుటుంబాల్లో ఈ విద్య తరతరాలుగా ఉంది. కొబ్బరి చిప్పల బొగ్గు, మధ్యలో రాయి, ఊదుగొట్టంతో ఊపిరి బిగబట్టి ఊదడం. మన కంసాలి పనే. దానితో ఎర్రరాయిలో అడ్డొచ్చే నీలి ఛాయ పోతుంది. కానీ మనిషి ఊపిరితో వచ్చే వేడి టైటానియం సూదుల్ని కరిగించదు, పైగా ఊదేకొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది. గెవుడకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. అంటే వాళ్ళ విద్య తప్పు కాదు, వేరే రాయికి సరిపోయే విద్య.

థాయ్‌వాళ్ళు ఎలా నేర్చారు? గతిలేక. కంబోడియా సరిహద్దు పక్కన చంతబురి, త్రాత్ ప్రాంతాల్లో దొరికే వాళ్ళ సొంత కెంపులు ఇనుము ఎక్కువై నల్లగా ఉంటాయి. కాల్చి మెరుగుపెడితే తప్ప అమ్ముడుపోవు. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి తలుపులు వేసుకున్నాక ప్రపంచం కెంపుల కోసం థాయ్ గనుల మీద పడింది. కొలిములు పెరిగాయి, చేతులు ఆరితేరాయి. తర్వాత ఆ గనులు ఒట్టిపోయాయి. కొలిముంది, రాయి లేదు. లంకలో రాయుంది, ఆ కొలిమి లేదు. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు 1955లోనే ఏర్పడ్డాయి గానీ, అసలు ముడి పడింది మాత్రం ఇక్కడే అని నాకనిపిస్తుంది.

తర్వాత లంకవాళ్ళు ఊరుకోలేదు. గ్యాసు, ఆక్సిజన్‌తో నడిచే కొలిములు తెచ్చుకున్నారు. రత్నపురలో లక్మిణి అనే కొలిమి బాగా వాడుకలోకి వచ్చింది. బేరువలలో చైనా ఫోర్ట్ అనే పేటలో రాళ్ళ సంత సాగుతుంది, అక్కడి కుటుంబాలకు బ్యాంకాక్‌లోనూ ఆఫీసులుంటాయి. చంతబురిలో వారం చివర వీధి సంత జరుగుతుంది. కొనేవాడు బల్ల అద్దెకు తీసుకుని కూర్చుంటాడు, అమ్మేవాళ్ళే పొట్లాలు పట్టుకుని అతని దగ్గరికి వస్తారు. ఆ బల్లల దగ్గర లంకవాళ్ళ మాటలు వినిపించడం మామూలే.

అలాగని అన్నీ సర్దుకుపోయాయనుకోకండి. 2001, 2002 ప్రాంతంలో బ్యాంకాక్ నుంచి ఒక్కసారిగా నారింజ, గులాబీ రంగులు కలిసిన నీలం జాతి రాళ్ళు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. ఆ రంగు రాయిని పద్‌పరద్‌ష అంటారు. లంక ప్రతిష్ఠ అంతా ఆ రాయిలో ఉంటుంది, అంత అరుదు. పేరు మన పద్మరాగమే, సింహళం మీదుగా పోయి నలిగిన రూపం. మనం పద్మరాగం అంటే కెంపు అనుకుంటాం, వాళ్ళకు తామరపువ్వు రంగు. అంత అరుదైనది గంపగుత్తగా ఎలా వస్తోందని పరీక్షశాలలు తల పట్టుకుని చూస్తే తేలిందేమిటంటే, కొలిమిలో వేరే ఖనిజం కలిపి కాలుస్తున్నారు. దాన్నుంచి బెరీలియం అనే మూలకం రాయిలోకి ఇంకి రంగు మారుస్తోంది. మామూలు కాల్పు వేరు, ఇది వేరు. ఇక్కడ బయటి సరుకు లోపలికి పోయింది. కొనేవాళ్ళకు ఆ సంగతి చెప్పలేదు. ఆ దెబ్బకు నిజమైన పద్‌పరద్‌ష అమ్ముకునేవాళ్ళనూ అనుమానంగా చూశారు.

థాయ్‌వాళ్ళను తిట్టే ముందు ఇంకో ముక్క. 1998లో మడగాస్కర్‌లో ఇలకక అనే చోట నీలాలు బయటపడ్డాయి. రాత్రికి రాత్రి ఊరు లేచింది. అక్కడికి ముందు పరుగెత్తినవాళ్ళలో థాయ్‌వాళ్ళూ ఉన్నారు, లంకవాళ్ళూ ఉన్నారు. లంకకు థాయ్‌వాళ్ళు 70లలో చేసిందే, మడగాస్కర్ పల్లెల్లో లంక వ్యాపారులు చేశారు. ముడిరాయి తక్కువకు కొని, కొలంబో తెచ్చి, కాల్చి, సానపట్టి అమ్మారు. అందులో కొంత సిలోన్ పేరు మీద పోయిందన్న అనుమానం వ్యాపారంలో ఎప్పుడూ ఉంది. గుర్తుపట్టడమూ అంత తేలిక కాదు. సుమారు 55 కోట్ల ఏళ్ళ కిందట లంక, మడగాస్కర్, దక్షిణ భారతం ఒకే భూఖండంలో అంటుకుని ఉన్నాయి. ఒకే వేడికి, ఒకే ఒత్తిడికి మగ్గిన రాళ్ళు.

ఆ కుటుంబంలో మన తూర్పు కనుమలూ ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ కొండల్లో కనిపించే ఖోండలైటు రాతికి తోబుట్టువులు లంక మధ్యకొండల్లో ఉన్నాయి. నర్సీపట్నం దగ్గర కరక కొండల్లో దొంగచాటుగా సాగే రంగురాళ్ళ తవ్వకాల గురించి అప్పుడప్పుడూ జిల్లా పేజీలో వార్త వస్తుంటుంది. అక్కడ దొరికేవి వైడూర్యం జాతి రాళ్ళు. దుంగలు లేవు, ఆకులు లేవు, లైసెన్సు లేదు, మట్టిపెళ్ళ విరిగి మీదపడితే అంతే. ఒకే రాతి మీద కూర్చున్న రెండు ఊళ్ళలో ఒకచోట అది బతుకుతెరువయింది, ఒకచోట పోలీసు కేసయింది.

సరే, 2024 ఒప్పందంతో ఏం మారుతుంది? 2022లో అప్పు కట్టలేక చేతులెత్తేసిన దేశం శ్రీలంక. ఒక్కో డాలరూ కావాలి. రాయిని ముడిగా పంపేస్తే డబ్బు బ్యాంకాక్‌లో మిగులుతుంది, కాల్చి సానపట్టి నగ చేసి పంపితే కొలంబోలో మిగులుతుంది. కాబట్టి వాళ్ళు అడిగేది శిక్షణ, పరీక్షశాల, సర్టిఫికెట్‌కు గుర్తింపు. థాయిలాండ్ వైపు చూస్తే, వాళ్ళకు కావాల్సింది తెగకుండా వచ్చే ముడిరాయి. రంగురాళ్ళ వ్యాపారానికి ప్రపంచ కూడలి బ్యాంకాక్, కానీ వాళ్ళ నేల కింద సరుకు అయిపోయింది. ఇద్దరూ నవ్వుతూ చేతులు కలిపారు గానీ, ఇద్దరు కోరుకునేదీ ఒకటి కాదు. విద్యను నిజంగా పూర్తిగా నేర్పేస్తే థాయిలాండ్‌కు నష్టం. నేర్పకపోతే లంకకు ఒప్పందం వల్ల ఒరిగేదేమీ లేదు. కొలిమి గుట్టు ఏ కంసాలీ మొత్తం చెప్పడు, ఒప్పందం రాసుకున్నా చెప్పడు. నేర్చుకోవాలంటే పక్కన నిలబడి చూడాల్సిందే. బేరువల కుర్రాళ్ళు చంతబురిలో చేస్తున్నదీ అదే.

మనకు ఇందులో తగిలేది ఒక్కచోట, ఉంగరాల దుకాణంలో. మా బాబాయికి గురుబలం తక్కువుందని ఒక సిద్ధాంతిగారు కనకపుష్యరాగం పెట్టమన్నారు. సిలోన్‌దే కావాలన్నారు. దుకాణంవాళ్ళు సిలోన్‌దే, కాల్చనిదే అని ప్రమాణం చేసి ఇచ్చారు. నాకు అనుమానమొచ్చి ల్యాబుకు పంపించాను. రిపోర్టులో రెండు లైన్లున్నాయి. మూలం శ్రీలంక. వేడి చేసిన ఆనవాళ్ళు ఉన్నాయి. మూలం అంటే తవ్విన నేల మాత్రమే. ఏ దేశం కొలిమిలో కాలిందో ఏ రిపోర్టూ రాయదు. బజారులో ఉన్న నీలాలు, పుష్యరాగాల్లో ఎక్కువ భాగం కాల్చినవే, అది మోసం కాదు. కాల్చి కాల్చలేదని చెప్పడం, ఆ అబద్ధానికి ఎక్కువ ధర కట్టడం మోసం. బెరీలియం సంగతి రిపోర్టులో ఉందో లేదో కూడా అడగాలి.

దుకాణానికెళ్ళి అడుగుదాం పద బాబాయ్ అన్నాను. ఆయన ఉంగరం ఒకసారి కిటికీ వైపు తిప్పి చూసుకుని మళ్ళీ వేలికి తొడుక్కున్నాడు.

"లంకలో తవ్వారు, థాయిలాండ్‌లో కాల్చారు, ఇక్కడ మంత్రం వేశారు. ఎక్కడ కాల్చారో గురుడేం అడుగుతాడ్రా, పోనీ" అన్నాడు.